ఇంజన్ మూతకు పెట్టిన బొట్టు

పన్నెండేళ్లుగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆ తర్వాత వీలు కాక కాదు, వీలు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. ఒకసారి పిల్లల పరీక్షలన్నాను, ఒకసారి అత్తకు దవాఖాన అన్నాను, ఒకసారి బడిలో తనిఖీ అన్నాను. మోసి మోసి అలసిపోయాను. దాన్ని ఇక దించాలి. ఎక్కడ దించాలో తెలియక ఇక్కడ దించుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెప్తే ముందు నా మొహం చూస్తారు, తర్వాత మా ఆయన మొహం చూస్తారు, అసలు మాట అక్కడే పోతుంది. మీరు మాట ఒక్కటే వినండి.

మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊరు. నేను పాలకుర్తిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్తాను. "తప్పు చేస్తే చేసిన అని చెప్పాలె, చెప్తే టీచర్ కొట్టదు" అని ఇరవై ఏళ్లుగా చెప్తున్న నోరు నాది. నవ్వుకోండి. నాకూ నవ్వే వస్తుంది ఒక్కోసారి.

మా మరిదిని ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. అసలు పేరు ఇక్కడ రాయను. మా ఆయన ఒక పాత డీజిల్ కారు కొని కిరాయికి తిప్పించేవాడు. దాన్ని నడిపేది చిన్నోడే. కొన్నది అన్న అయినా బండి మాత్రం తమ్ముడిదే అన్నట్టు ఉండేది. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తేవాడు. నూనె పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవాడు. తక్కువైతే పోసేవాడు. ఆ నూనె పోసే నోటి మూత బిగించి దాని మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేవాడు. వంటింట్లో ఉన్నా నాకు ఆ చప్పుడు వినిపించేది. ఇక బయల్దేరుతాడని టీ పొయ్యి మీద పెట్టేదాన్ని.

అతను ఒకప్పుడు తాగేవాడు. కొద్దిగా కాదు, గట్టిగానే. ఒకసారి పెళ్లివాళ్లను దించి ఖాళీ కారు తెస్తూ పొలంలోకి దింపాడు. మనిషికి ఏమీ కాలేదు, పేరు మాత్రం పోయింది. మా మామ చనిపోయిన పదకొండో రోజున, ఎవరూ అడగకుండానే మానేశాడు. నేను చెప్పబోయే దసరాకు ఏడాది దాటింది, చుక్క ముట్టలేదు. అయినా ఊరు ఊరే కదా. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. అతను మానేశాడని అందరికీ తెలుసు, నమ్మినవాళ్లు మాత్రం తక్కువ. నేను నమ్మాను. ఆ నమ్మకం గురించి అప్పట్లో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇంట్లో అతని మీద నమ్మకమున్న మనిషిని నేనొక్కదాన్నే అని.

భూపాలపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి బొగ్గుబావిలో పనిచేస్తాడు. మర్యాదస్తులు. పిల్ల వీడికి నచ్చింది, వీడు పిల్లకు నచ్చాడు. తండ్రికి ఒక్కటే అనుమానం, తాగుతాడట కదా అని. మా ఆయన పోయి, మానేశాడని మాట ఇచ్చి వచ్చాడు. దసరా తెల్లారి ఏకాదశి, మంచిరోజు, ఆ రోజు పూలు పండ్లు పెట్టి పెళ్లి ఖాయం చేసుకుందామని అనుకున్నారు.

దసరా రోజు దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ నా చేయి ఆగుతోంది. నిజంగానే లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

దసరాకు మా ఇళ్లల్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం. నాగలి ఉన్న కాలంలో నాగలికి, ఇప్పుడు బోరు మోటరుకు, కుట్టు మిషనుకు, బండ్లకు. పెద్ద కోడలిని కాబట్టి పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని తిరిగేది నేనే. అయితే నాకు మా పుట్టింటి అలవాటు ఒకటుంది. మాది కొడకండ్ల. మా అవ్వ, అంటే మా అమ్మ, మూత ఉన్న దేనికైనా మూత తీసి, లోపలి అంచుకు బొట్టు పెట్టి, మూతకు కూడా పెట్టి, మళ్లీ మూసేది. బియ్యం డబ్బా అయినా, పచ్చడి జాడీ అయినా, వడ్లు పోసే గుమ్మి అయినా అంతే. "ఉత్త మూతకు బొట్టు వెట్టి పోతే లోపల ఉన్నదానికి ఎట్ల తెలుస్తదే?" అనేది. మా అత్తగారింట్లో ఈ పద్ధతి లేదు. నేను చేస్తానని కూడా వాళ్లు ఎన్నడూ గమనించలేదు.

ఆ మధ్యాహ్నం చిన్నోడు కారును బోరు దగ్గర కడిగాడు. మర్నాడు దూరం పోవాలని నూనె నిండుగా పోశాడు. మూత తిప్పి బిగించాడు. రెండు దెబ్బలు కొట్టాడు. నేను పళ్లెం పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "అంతా సూసిన వదినా, ఇగ బొట్లు వెట్టు" అని స్నానానికి వెళ్లాడు. బానెట్ తెరిచే ఉంది.

అద్దానికి పెట్టాను, చక్రాలకు పెట్టాను, స్టీరింగుకు పెట్టాను. ఇంజన్ దగ్గరికి వచ్చాను. అంతకుముందు ఏళ్లలో పెట్టింది ఇంజన్ పైన రేకుకే. ఆ ఏడు ఎందుకో మూత తీయాలనిపించింది. మర్నాడు శుభకార్యానికి పోయే బండి కదా, సరిగ్గా చేయాలనుకున్నానేమో. మూత తిప్పి తీశాను. నూనె పోసే ఆ నోటి అంచుకు పసుపు రాశాను. కుంకుమ పెట్టాను. మూతకు కూడా పెడదామని పళ్లెంలో పెట్టుకున్నాను. అప్పుడే మా అత్త వెనక నుంచి కేకేసింది, కరెంటు పోయేలోపు బోరు మోటరుకు పూజ కానీయమని. పళ్లెంతోనే వెళ్లాను. దోసెడు బంతిపూలు పళ్లెంలో పోసింది అత్త. మూత వాటి కిందికి పోయింది. నేను తిరిగి వచ్చేసరికి మా ఆయన బానెట్ దించేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కారును నాలుగడుగులు ముందుకు తీయించాడు. అందరూ నవ్వుతున్నారు. మూత సంగతే మర్చిపోయి నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని వచ్చాక ఊరంతా మందులోనే ఉంది. దసరా కదా. చిన్నోడు మా వాకిట్లో మంచం మీద కూర్చుని సల్ల, అదే మజ్జిగ, తాగాడు. గ్లాసుతో ఇచ్చింది నేనే. రెండోసారి అడిగితే మళ్లీ పోశాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మర్నాడు నేను ఏం తెలిసి కూడా ఊరుకున్నానో మీకు అర్థం కావాలి.

మర్నాడు పొద్దున నలుగురం బయల్దేరాం. చిన్నోడు నడుపుతున్నాడు, పక్కన మా ఆయన, వెనక నేనూ అత్తా. తొందరలో ఆ ఒక్క పూట బానెట్ ఎత్తి చూడలేదు. నిన్ననే అంతా చూశాడు కదా. కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాడు. నా ఒళ్లో పండ్ల పళ్లెం. హన్మకొండ దాటాక ఏదో మాడిన వాసన వచ్చింది. పక్క పొలంలో ఏదో కాలుస్తున్నారనుకున్నాం. పరకాల ఇంకా కొంత దూరం ఉందనగా బానెట్ సందుల్లోంచి పొగ మొదలైంది. ముందు సన్నగా, తర్వాత రోడ్డు కనబడనంతగా. చిన్నోడు కారు పక్కకు తీసి ఆపాడు.

మా ఆయన నీళ్ల సీసా పట్టుకుని ఉరికాడు. చిన్నోడు అడ్డం పడ్డాడు. "నీళ్లు వొయ్యకన్నా. కాలుతున్న ఇనుము పగుల్తది" అన్నాడు. బానెట్ వెంటనే ఎత్తనివ్వలేదు. కొంచెం చల్లారాక తువ్వాల చేతికి చుట్టుకుని ఎత్తాడు. లోపలంతా నూనె. ఇంజన్ నోరు తెరుచుకుని ఉంది. అక్కడి నుంచి ఎగజిమ్మిన నూనె సైలెన్సర్ గొట్టం మీద పడి కాలుతోంది. అతను ఒక్క క్షణం ఆ నోటి వంకే చూస్తూ ఉండిపోయాడు. "మూత ఏది" అన్నాడు. ఎవరినీ అడగలేదు, ఊరికే అన్నాడు.

నేను కారు దిగి అతని వెనక నిలబడ్డాను. నూనె తడిలో ఆ అంచున పచ్చగా ఒక మరక. పసుపు. ఆ క్షణం నుంచే నాకు తెలుసు. తర్వాత తెలిసిందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. అతను కూడా చూస్తాడనుకున్నాను. అతను చూసేలోపే గుడ్డతో ఆ అంచు తుడిచేశాడు, లోపలికి దుమ్ము పోకూడదని.

మా ఆయన అరవడం మొదలుపెట్టాడు. "రాత్రి తాగినవ్. దసరా అని తాగినవ్. తాగి మూత మర్సిపోయినవ్" అని. చిన్నోడు నడుచుకుంటూ వెళ్లి ఎక్కడో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో నూనె డబ్బా తెచ్చాడు. నీళ్ల సీసా కోసి గరాటు చేసి పోశాడు. ఆ నోటికి మందపాటి ప్లాస్టిక్ కవరు మడతలు పెట్టి, ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. కింద పడి మట్టి అంటిన తువ్వాలతో కాకుండా, తన కొత్త చొక్కా అంచుతో గొట్టం మీది నూనె తుడిచాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ పొగ వచ్చింది. అత్త భయపడింది. "గది పాత నూనె కాలుడే అవ్వా, కొత్తది కాదు. జరసేపట్ల పోతది" అన్నాడు. నిజంగానే కాసేపటికి పోయింది.

ఈలోపు, మాకోసం పరకాలలో ఎదురుచూస్తున్న పిల్ల మేనమామ ఆలస్యమైందని మోటార్ సైకిల్ మీద వెతుక్కుంటూ వచ్చాడు. మా ఆయన వీపు అటుంది. తాగినవ్ అన్న మాట మూడోసారి అంటున్నాడు. మేనమామ బండి ఆపి, విని, ఏమీ ఎరగనట్టు నమస్తే పెట్టాడు.

అప్పుడు నోరు తెరవాల్సింది నేను. ఒక్క మాట. మూత నేను తీశాను అని. ఎందుకు అనలేదు? మా ఆయనకు భయపడ్డానా? అంత భయపెట్టే మనిషి కాడు. శుభకార్యానికి పోయే బండిని పాడుచేసిందని అత్త జీవితమంతా అంటుందని భయపడ్డానా? కొంత నిజం. పెద్ద కోడలు పనిమంతురాలని, చేయి జారనిదని ఊళ్లో నాకున్న పేరు పోతుందనా? అది ఇంకొంత నిజం. కానీ పూర్తి నిజం ఇంకోటి ఉంది. నింద దానంతట అదే వెళ్లి అతని మీద కూర్చుంది. చక్కగా అతుక్కుంది. నేను దాన్ని తోయలేదు, లాగలేదు. ఊరికే ఉన్నాను. ఊరికే ఉండటం అబద్ధం కాదు కదా అని అప్పుడు అనుకున్నాను. అంత తెలివి ఆ ఎండలో నాకు ఎక్కడి నుంచి వచ్చిందో.

భూపాలపల్లిలో మర్యాదకు లోటు చేయలేదు. అన్నం పెట్టారు. పిల్ల మంచినీళ్లు తెచ్చింది. చిన్నోడి చేతులు ఎంత కడిగినా నల్లగానే ఉన్నాయి. గ్లాసు తీసుకోవడానికి సిగ్గుపడి, అక్కడ పెట్టమని బల్ల చూపించాడు. ఆ పిల్ల అతని చొక్కా మీది మరకలు చూసి తల వంచుకుంది. పూలు పండ్లు ఇంకోనాడు పెట్టుకుందాం అన్నాడు తండ్రి. ఆ ఇంకోనాడు రాలేదు. పిల్ల ఇంకా చదువుకుంటుందట అని వారంలో కబురొచ్చింది.

ఇంటికి వచ్చాక ఇంకా పొద్దు గుంకలేదు. చిన్నోడు దొడ్లో బండ మీద కూర్చుని బట్టల సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను. తలెత్తకుండానే అడిగాడు.

"వదినా, నిన్న నేను మూత వెట్టిన్నా లేదా? నువ్వు గాడనే ఉంటివి గద. సూసినవా?"

నీళ్లు పోస్తూనే ఉన్నాను.

"నేను సూడలే చిన్నోడా" అన్నాను.

"నాకైతే వెట్టినట్టే ఉన్నది."

"ఏమో. పండుగ పూట ఎవల పరేషాన్ల వాళ్లుంటిమి."

అతను కాసేపు చేతుల వంక చూసుకున్నాడు. "మర్సిపోయినట్టున్న" అన్నాడు.

ఇదే నేను చేసింది. రోడ్డు మీద ఊరుకోవడం ఒక తప్పు. ఇది వేరు. ఇది అబద్ధం. తాగావా అని అతను నన్ను అడగలేదు, తాగలేదని అతనికి తెలుసు. అతను అడిగింది తన మతి గురించి. తన చేయి తన మాట వింటుందా లేదా అని. చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నా చెవుల్లో ఆ రెండు దెబ్బల చప్పుడు ఇంకా ఉంది. అయినా చూడలేదన్నాను.

అతను లోపలికి వెళ్లాక పూజ పళ్లెం తీశాను. వాడిన బంతిపూల కింద మూత ఉంది. దాని మీద బొట్టు లేదు, పెట్టనే లేదు కదా. పూజ చేసిన పూలు కాలికి తగలకూడదని మేం బావిలో వేస్తాం. పూలతో పాటు దాన్ని కూడా వేసి వచ్చాను.

తాగుడు మాట ఊళ్లో కొన్నాళ్లు నడిచింది. అతను మళ్లీ తాగితే నాకు కొంత ఊపిరి ఆడేదేమో, పాపం అయినా సరే రాస్తున్నాను, ఆ ఆలోచన నాకు వచ్చింది. అతను తాగలేదు. ఇప్పటికీ ముట్టడు. అయింది వేరు. కారు నడుపుతూ మధ్యలో ఆపేవాడు. దిగి బానెట్ ఎత్తి, మూత పట్టి తిప్పి చూసి, మళ్లీ ఎక్కేవాడు. పది కిలోమీటర్లు పోయాక మళ్లీ ఆపేవాడు. కిరాయివాళ్లు విసుక్కున్నారు. రెండు నెలలకు తాళాలు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. "నా మీద నాకే నమ్మకం లేదన్నా. మందిని ఎక్కించుకొని నడుపుడు మంచిది కాదు" అన్నాడు. మా ఆయన కూడా ఆపలేదు. నేను వంటింట్లో ఉండి విన్నాను.

తర్వాత మహబూబాబాద్ వెళ్లిపోయాడు. అక్కడ మార్కెట్ యార్డులో బస్తాలు తూచే కాంటా దగ్గర పని. ఆలస్యంగా పెళ్లయింది. భార్య మంచిది, నవ్వుతూ ఉంటుంది. ఇల్లు తాళం వేసి వీధి చివరి దాకా వచ్చి వెనక్కి వెళ్తాడని, గ్యాసు కట్టేసి మూడుసార్లు చూస్తాడని, స్కూటర్ కొందామంటే వద్దంటాడని ఆమె నాకు ఫోన్లో నవ్వుతూ చెప్తుంది. "మతిమరుపు అంటడక్కా. నాకేమో ఈయన అన్నీ యాదికుంచుకునే మనిషి లెక్కనే కనవడ్తడు" అంటుంది. నేనూ నవ్వినట్టు చేస్తాను.

పోయిన నెల ఒక ఆదివారం రైలెక్కి వెళ్లాను. చెప్పడానికే వెళ్లాను. రైల్లో మాటలు కూర్చుకున్నాను, పిల్లలు పద్యం వల్లించినట్టు. అతని భార్య బయటికి వెళ్లిన సమయం చూసి చెప్పేశాను. పుట్టింటి అలవాటు, మూత, పళ్లెం, పూలు, బావి, అన్నీ. చెప్తుంటే నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినిపించింది.

చిన్నోడు ఓపికగా విన్నాడు. జుట్టు సగం తెల్లబడింది. చివరికి చిన్నగా నవ్వాడు.

"గట్ల కాదు వదినా. నాకు మంచిగ యాదికున్నది. మూత తీసి బ్యాటరీ మీద వెట్టిన. గంతల అవ్వ స్నానానికి పిలిసింది, పోయిన. బ్యాటరీ మీద నల్లగ ఉన్నది, ఇప్పటికి గూడ కండ్ల ముంగట కనవడ్తది."

కాదన్నాను. అత్త పిలిచింది నన్ను, నిన్ను కాదన్నాను. నువ్వు బిగించావు, రెండు దెబ్బలు కొట్టావు, నేను విన్నానన్నాను. ఏడ్చాను కూడా. అతను లేచి నాకు నీళ్లు ఇచ్చాడు.

"నన్ను బాధ వెట్టద్దని ఇంత దూరం వచ్చి గిట్ల అంటున్నవ్. నాకు తెల్వదా? ఆనాడు అందరు నన్ను అనంగ నువ్వొక్కదానివే ఒక్క మాట అనలే. నువ్వు సూసి ఉంటే గప్పుడే చెప్తుంటివి. అబద్ధమాడే మనిషివి కావు నువ్వు."

టీ తాగాను. నన్ను స్టేషన్ దాకా దింపడానికి బయల్దేరి, వీధి మలుపు దాకా వచ్చి, తాళం చూసి వస్తానని వెనక్కి వెళ్లాడు. నేను ఆ మలుపులో నిలబడి ఎదురుచూశాను.

నేను అతని నుంచి సంబంధాన్ని తీశాననీ, బండిని తీశాననీ ఇన్నాళ్లూ అనుకున్నాను. అంతకంటే ఎక్కువే తీశాను. జరగని జ్ఞాపకాన్ని అతను తనకు తానే తయారు చేసుకున్నాడు, నా అబద్ధాన్ని నిజం చేయడం కోసం. అందులో నాకు చోటు లేదు. అతను నమ్మితే కదా తిట్టడానికైనా, క్షమించడానికైనా. క్షమించమని నేను మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. అతని చేతిలోది కూడా కాకుండా చేసింది నేనే.

మూత అతను బిగించాడు. తీసింది నేను. చూశాను, చూడలేదన్నాను. ఇది ఒక్కరైనా నమ్మాలని రాశాను. రాయడం అయింది. తప్పు ఉన్నచోటే ఉంది, కానీ దాన్ని దాచే పని మాత్రం ఇవాళ్టితో తీరింది.